గాసి తాత కోడిపిల్లలు, రాజకుమారక్క బిల్డు

మొదటే ఒప్పేసుకుంటున్నాను. ఆ పని నేను చెయ్యలేదు. చేశానని చెప్పాను. నా తప్పు అదీ.

చేసిన వెధవపనిని ‘నేను కాదు’ అన్నవాళ్ళు మా ముంచింగిపుట్టు మండలంలో బోలెడుమంది ఉన్నారు. చెయ్యని వెధవపనికి ‘నేనే’ అని కాలరెగరేసినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ ఒక్క ముక్కకి గాసి తాత కుడిచేతి వేళ్ళు రెండు మాడిపోయాయి. ఇంకాస్త ఆలస్యమైతే తాతే మిగిలేవాడు కాదు. మిగిలాడంటే అది కూతురు రాజకుమారక్క చేతి చలవ. చలవ అని అలవాటుకొద్దీ రాశాను గానీ, ఆ చెయ్యి ఎవరికీ ఎప్పుడూ చల్లగా తగల్లేదు.

నన్ను టైటస్ అంటారు. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ఇచ్చే ప్రార్థన చీటీలో మొదటి పేరు నాదే. ఇంటర్ సగంలో వదిలేశాను. ఫోన్లు విప్పడం, కంప్యూటర్లలో దూరడం ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాను. విప్పినవన్నీ తిరిగి బిగించలేదనుకోండి, అది వేరే సంగతి. మా నేరేడుపుట్టులో సిగ్నలు పడే డాబా రాజకుమారక్కదొక్కటే. అందుకని నా సంసారమంతా ఆ డాబా మీదే.

అక్కకి ముప్పై మూడేళ్ళు. గెడ్డం కింద వంకర గీత ఒకటుంది. అడవిపంది కోర గీసింది. పదకొండేళ్ళప్పుడు ఇటుకల పండగ వేటకి తండ్రి వెనకాల దొంగతనంగా వెళ్ళింది. మా కొండల్లో ఆడపిల్లలు వేటకి వెళ్ళరు. దెబ్బతిన్న పంది ఒకటి గాసి తాతని పొదలో పడేసి తొడ చీరేసింది. కూడా వచ్చిన వీరులంతా చెట్లెక్కారు. ఈ గుంట చెట్టెక్కలేదు. కిందపడ్డ బల్లెం ముక్క తీసి పంది కంట్లో దించింది. అది చస్తూ చస్తూ ఈమె గెడ్డం కింద సంతకం పెట్టి మరీ చచ్చింది.

రక్తం కారే తొడకి గుడ్డ బిగించుకుంటూ గాసి తాత ఆరోజే కూతురికి వేట కిటుకు చెప్పాడట.

“కొండంతా ఎతక్కూడదే గుంటా. కొండని సగం సెయ్యి. అలికిడి నేని సగం ఒగ్గీ. ఉన్న సగాన్ని మళ్ళీ సగం సెయ్యి. ఆకరికి నువ్వూ పందీ మిగుల్తారు. అప్పుడు మాత్రం బయపడకు.”

భయం సంగతి ఆమెకి చెప్పనక్కర్లేదు. ఆశ్రమ పాఠశాలలో పప్పులో పురుగులొస్తే, వంటవాడు “మీ కొండోళ్ళు చీమలు తింటారు కదా, పురుగులకేం” అన్నాడు. అతని గరిటె అతని నెత్తినే వంగిపోయింది. డిప్లొమా చేసి విశాఖపట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్ళు పనిచేసింది. అక్కడ పక్క కుర్చీవాడు ఆమె మాటని వెక్కిరించాడు. మొదటిసారి చెప్పి చూసింది. రెండోసారి కీబోర్డు తీసి వాడి మొహమ్మీద విరిచింది. ఒక మీట ఇప్పటికీ దొరకలేదని, వాడు మింగేసి ఉంటాడని ఆమె అనుమానం. ఉద్యోగం పోయింది. “మీట పోయినాదని తీసేసినారు, వోడి పన్ను పోయినాదని కాదు,” అని ఇప్పటికీ నవ్వుతుంది.

అప్పట్నుంచి ఊళ్ళోనే ఉండి పని చేస్తోంది. నేను చెప్పే కథ నాటికి ఒక సంస్థవాళ్ళు ఇచ్చిన పని చేతిలో ఉంది. పేరు ‘అడవి బడి’. మా కొండ బడుల్లో చిన్నపిల్లలు టాబ్లెట్ మీద వేలు పెడితే జంతువు బొమ్మ వస్తుంది, దాని అరుపు వినిపిస్తుంది, తర్వాత దాని కథ మన మాటలోనే వస్తుంది. అరుపులూ కథలూ అన్నీ గాసి తాతవే. డెబ్బై ఏళ్ళ వేటగాడు. కణుజు దుప్పిలా అరిస్తే కణుజు తిరిగి పలుకుతుంది. నూట నలభై కథలు, ఒక్కొక్కటీ ఒక్కో పెద్ద సౌండు ఫైలు. ఆ ఫైళ్ళూ బొమ్మలూ అక్షరాలూ అన్నిటినీ కలిపి టాబ్లెట్ తినగలిగే ఒకే మూటగా కట్టడాన్నే బిల్డు అంటారు. మూట కట్టేముందు ప్రతి ఫైలుకీ ఒక గుర్తు అంకె లెక్కేస్తారు. కట్టాక మళ్ళీ లెక్కేస్తారు. రెండూ ఒకటైతేనే ఫైలు చెడలేదని అర్థం.

లాప్‌టాప్‌లో చోటు చాలక అక్క ఈ పనంతా పక్కన ఒక పాత హార్డ్‌డిస్కు పెట్టి దానిమీద చేసేది. డిస్కుకి కరెంటు వేరే ప్లగ్గు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

చైత్రం వచ్చింది. సోమవారం ఇటుకల పండగ మొదలైంది. ఆ పండగంటే ఏంటో తెలీనివాళ్ళకి చెప్తాను. మగాళ్ళు బల్లేలూ విల్లంబులూ గొడ్డళ్ళూ పట్టుకుని రోజూ అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా గెడ పెట్టి, ఆడి పాడి, వచ్చేపోయే బళ్ళని ఆపి చందా అడుగుతారు. సాయంత్రం జంతువుని మోసుకొచ్చిన మగాడికి డప్పులు. ఖాళీచేతుల్తో వచ్చిన మగాడికి పేడ. అడవిలో ఇప్పుడు పందులకంటే వేటగాళ్ళే ఎక్కువ కాబట్టి పేడకే గిరాకీ.

పోయినేడు మూడు రోజులు వరసగా ఖాళీగా వచ్చిన సోమన్న మావ నెత్తిమీద బుట్టెడు పేడ బోర్లించింది రాజకుమారక్కే. వరసకి ఆమెకి మావే, పరాచికాలాడొచ్చు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను వీడియో తీసి, పెళ్ళిపాట తగిలించి, ఊరి వాట్సాప్ గ్రూపులో వదిలాను. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. సోమన్న మావ నవ్వలేదు. అది కూడా నేను గుర్తుపెట్టుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం అక్క గెడ దగ్గర పాడుతుంటే నేను డాబా మీద ఆమె లాప్‌టాప్ తెరిచాను. యాప్ తెరవగానే గాసి తాత గొంతు “రండి పిల్లలూ” అనాలి. ఆ ఫైలు స్థానంలో మా మేక అరుపు పెట్టాను. సాయంత్రం అక్క యాప్ తెరిచింది. “బే...” అంది.

“ఏటిరా ఇది?”

“మేకక్కా.”

“మేకని నాకు తెల్డేటి? మా అయ్య గొంతులోకి మేకెలాగొచ్చినాది?”

“తాత అన్ని జంతువులూ అరుత్తాడు కదా, ఇది కూడా తాతే అనుకో.”

చార్జరు వైరు అంత పొడుగుంటుందని నాకు వీపు చెప్పేదాకా తెలీదు. గాసి తాత మాత్రం చుట్ట నోట్లోంచి తీసి, “బాగా అరిసినాది. నాకంటే బాగుంది. ఉంచీ,” అన్నాడు. అక్క తియ్యలేదు. తీరిక లేకపోయింది.

మంగళవారం పొద్దుగూకాక బిల్డు పెట్టింది. తొమ్మిది ఫైళ్ళ అంకెలు తేడా వచ్చాయి. తెరిచి వింటే ఎలుగుబంటి కథ మధ్యలో తాత గొంతు ఠక్కున ఆగిపోయింది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ గొంతు. ఫైలు పొడుగు సరిగ్గానే ఉంది, మధ్యలో మాటలు తీసేసి సున్నాలు నింపినట్టుంది. ఎలుగు దూకింది అన్నదాకా వచ్చి, దూకాక ఏమైందో లేదు.

అక్క తలెత్తింది. డాబా మూల నేనున్నాను.

“ఇదీ నువ్వేనా?”

ఇక్కడే, ఈ ఒక్కచోటే, నా నోరు నా చేతిలో లేకుండా పోయింది. వీపు ఇంకా మండుతోంది. పైగా సున్నాలు అంత సుళువుగా, పొడుగు మారకుండా, తొమ్మిది ఫైళ్ళలో దూర్చిన మొనగాడు ఎవడోగానీ వాడి పేరు నా పేరైతే బాగుణ్ననిపించింది.

“మరెవులనుకున్నావు?” అన్నాను. “ఎక్కడ పెట్టినానో నువ్వే కనుక్కో సూద్దాం.”

అంతే. మూడు రోజులు ఆవిడ నన్ను వెతికింది. చెడింది ఎందుకని వెతకలేదు, నేను ఎక్కడ నక్కానని వెతికింది. పాస్‌వర్డులన్నీ మార్చింది. లాప్‌టాప్ మొత్తం తుడిచి మళ్ళీ మొదట్నుంచి వేసింది. నన్ను డాబా మెట్టెక్కనివ్వలేదు. ఎక్కబోతే రాగులు దంచే రోకలి విసిరింది, అది నా చెవిపక్కనుంచి వెళ్ళి మామిడి మొక్కని చంపింది. పగలు పెట్టిన బిల్డు బాగానే వచ్చేది, కానీ అందులోనూ నేనేదో నక్కించి ఉంటానని దాన్ని నమ్మలేదు. పొద్దుగూకాక పెట్టింది చెడేది. నేను టైము పెట్టి సాయంత్రాలు చెడగొడుతున్నానని ఆవిడ తీర్మానం. నేను కింద గుమ్మంలో కూచుని ఈల వేస్తూ, నాలో ఇంత ప్రతిభ ఉందని నాకే తెలీదే అని మురిసిపోతూ ఉన్నాను.

శుక్రవారం వచ్చింది. తెల్లారితే శనివారం, సంతరోజు. సంస్థవాళ్ళ జీపు ముంచింగిపుట్టు సంతకి వచ్చి మూట పట్టుకుపోతుంది. సాయంత్రం ఆరున్నరకి బిల్డు మళ్ళీ చెడింది. ఈసారి ఇరవైరెండు ఫైళ్ళు. డాబా మీంచి అక్క అరుపు వినిపించింది, బూతు లేకుండా. అది చాలా ప్రమాదం. మెట్లెక్కి వెళ్ళాను.

మనిషి నేలమీద కూచుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “టైటసా, ఓడిపోనాను. సెప్పీరా,” అంది. నన్ను ఆవిడ ఎప్పుడూ పేరుతో పిలవలేదు.

“అక్కా, నాను కాదు.”

ముందు చెంప మీద పడింది, తర్వాత ప్రశ్న వచ్చింది.

“ఎప్పట్నించి కాదు?”

“మొదట్నించీ కాదు. మేక ఒక్కటే నాది. సున్నాలు నావి కావు.”

ఇంకోటి పడింది. పెదవి పగిలి ఉప్పగా తగిలింది. మూడోది పడుతుందని కళ్ళు మూశాను. పడలేదు. కళ్ళు తెరిస్తే ఆమె గెడ్డం కింద గీతని వేలితో రుద్దుకుంటోంది.

“మూడ్రోజులు తప్పు కొండలో ఎతికించినావురా,” అంది. “రా. కొండని సగం సేద్దాం.”

సగం ఫైళ్ళు లాప్‌టాప్ సొంత డిస్కులో పెట్టింది, సగం పక్క డిస్కులో. రెండుచోట్లా ఒకేసారి మూట కట్టించింది. లాప్‌టాప్‌లోవి అన్నీ బాగున్నాయి. పక్క డిస్కులోవి మూడు చచ్చాయి. “ఈ సగం ఒగ్గీ,” అని లాప్‌టాప్‌ని తోసేసింది. డిస్కు పాడయిందా? పగలంతా బాగానే పనిచేసింది కాబట్టి డిస్కుని వదిలేసింది. మిగిలింది దానికొచ్చే కరెంటు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, కరెంటు తడబడినా దానికి తెలీదు. డిస్కుకి లేదు.

“మరి బల్బు కొట్టుకోవట్నేదేటి?” అన్నాను. గదిలో ఎల్ఈడీ బల్బు నిమ్మళంగా వెలుగుతోంది.

కింద అరుగు మీంచి గాసి తాత దగ్గాడు. “మీ బల్బు సంగతి నాకు తెల్దు గానీ, కోడిపిల్లలు ఏడుత్తన్నాయర్రా. మంగళారం కాడ్నించి పొద్దుగూకితే సాలు, వొణికీసి ఒకటే ఏడుపు.”

అక్కా నేనూ ఒకేసారి మెట్లు దిగాం. తాత కోడిపిల్లల బుట్టమీద పాతకాలం తీగబల్బు వేలాడదీశాడు, వెచ్చదనం కోసం. చూస్తూ నిలబడ్డాం. బల్బు పచ్చగా వెలుగుతోంది. ఉన్నట్టుండి వాడిపోయింది. లోపలి తీగ ఎర్రని వానపాములా అయ్యింది. పిల్లలు కీచుమన్నాయి. అదే క్షణాన డాబా మీద డిస్కు టక్కుమంది. మళ్ళీ వెలుగు.

కొత్త బల్బులు కరెంటు ఎంత తగ్గినా ఏమీ ఎరగనట్టు వెలుగుతాయి. పాత బల్బు దాచుకోలేదు. ఊళ్ళో పాత బల్బు తాత కోళ్ళకొక్కటే ఉంది.

“ఏదో కరెంటుని ఈడ్సేత్తంది,” అంది అక్క. “మోటారు కాదు. మోటారైతే ఆగకుండా ఈడ్సాలి. ఇది తగిలి వొదిలేత్తంది. తడి కొమ్మో, గొడ్డో.” మాట మధ్యలో ఆగింది. నాకు అర్థం కాలేదు. ఆమెకి అయ్యింది. “ఎవడో తీగ పరిసినాడ్రా. నేలమీద.”

కరెంటు ఉచ్చు. స్తంభం మీది తీగకి కొక్కెం తగిలించి, అక్కణ్నుంచి ఇనపతీగ జంతువులు నడిచే దారిలో మోకాలెత్తున కడతారు. పంది తగిలితే పంది, మనిషి తగిలితే మనిషి. పొద్దుగూకాక తగిలించి, తెల్లారకముందు తీసేస్తారు. మా కొండల్లో అందరూ విన్నదే.

అక్క బల్బుని హోల్డరుతో సహా పీకింది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఏటి ఒడ్డు దాకా పన్నెండు స్తంభాలున్నాయి. మా ఇళ్ళు మూడో స్తంభం దగ్గర. ఉచ్చు దగ్గరయ్యేకొద్దీ బల్బు ఎక్కువ వాడుతుంది, దాటితే మరి పెరగదు. పన్నెండు స్తంభాల లైను ఆమెకి పన్నెండు మెట్ల కొండ.

మేం బయల్దేరుతుంటే గాసి తాత కర్ర తీసుకున్నాడు. “మాపిటేల నించి మన కర్రి కుక్క రానేదు. ఇప్పసెట్ల ఏపు సూసొత్తాను.”

“ఎల్లకు అయ్యా! ఇంట్లోనే ఉండు!” అక్క అరిచింది. కానీ పండగ డప్పులు మోగుతున్నాయి. తాతకి ఎడం చెవి వినపడదు. చెయ్యి ఊపాడు. విన్నాడనే అనుకున్నాం.

ఆరో స్తంభం దగ్గర ఇంట్లో దూరి, అడగకుండా వాళ్ళ టీవీ ప్లగ్గు పీకి బల్బు పెట్టింది. ఇంటావిడ తిట్లు మొదలెట్టేలోపు బల్బు వాడింది, మా ఇంట్లోకంటే ఎర్రగా. “పై సగం ఒగ్గీ.” పరుగు. తొమ్మిదో స్తంభం, ఆఖరి ఇల్లు. అక్కడ బల్బు పూర్తిగా ఆరి వెలిగింది. మిగిలింది మూడు స్తంభాలు, ఏరు, ఇప్పచెట్లు. చైత్రంలో ఇప్పపూలు రాలతాయి. సాయంత్రం పందులొచ్చి తింటాయి. తెల్లారకుండా ఆడవాళ్ళూ పిల్లలూ ఏరుకోవడానికి వెళ్తారు.

ఆ ఇంటి గోడకి చింతకాయలు దులిపే ఎండు వెదురు గెడ ఆనించి ఉంది. అక్క దాన్ని లాగేసుకుంది.

పదకొండో స్తంభం దగ్గర నా ఫోను వెలుగులో కొక్కెం కనపడింది. పై తీగ మీద కాకిలా వాలి ఉంది. దాన్నుంచి సన్నటి తీగ పొదల్లోకి దిగింది. అప్పుడే పొదల అవతల ఒక శబ్దం వచ్చింది. గాసి తాత ఎన్నో జంతువుల అరుపులు అరవగా విన్నాను. అది ఏ జంతువుదీ కాదు.

అక్క తండ్రివైపు పరిగెత్తలేదు. నేను పరిగెత్తబోతే మోకాళ్ళ మీద ఒక్క తన్ను తన్ని పడేసింది. వెదురు గెడ ఎత్తి కొక్కేన్ని కొట్టింది. తగల్లేదు. మళ్ళీ కొట్టింది. నిప్పులు రాలాయి. మూడో దెబ్బకి కొక్కెం ఊడి, తీగ పాములా ఎగిరి గడ్డిలో పడింది. అప్పుడు పరిగెత్తింది.

ఇప్పచెట్టు కింద తీగ మీద పడి కర్రి కాళ్ళు చాచి చచ్చి ఉంది. దాని మెడ గొలుసు పట్టుకుని గాసి తాత వెల్లకిలా పడున్నాడు. కుడిచేతి వేళ్ళు గొలుసుకి అతుక్కుని నల్లబడ్డాయి. మాంసం కాలిన వాసన. ఊపిరి లేదు.

అక్క తాత ఛాతీ మీద రెండు చేతులూ వేసి గుద్దడం మొదలెట్టింది. ఊరికే నొక్కడం కాదు, పగవాణ్ని గుద్దినట్టు. “లే! లే అయ్యా! పంది సంపనేదు నిన్ను, ఎలుగు సంపనేదు, తీగముక్కకి సత్తావేటి? నూట నలబై కతలు సెప్పినావు, ఎలుగు దూకినాక ఏటైందో సెప్పనేదు, లే!” ఒక పక్కటెముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆపలేదు. ఎంతసేపో తెలీదు. తాత ఒక్కసారిగా గాలి పీల్చి దగ్గాడు. కళ్ళు తెరిచి, “కొట్టకే,” అన్నాడు.

అక్క కొట్టడం ఆపి, ఆ ఛాతీ మీదే నుదురు ఆనించి, రెండు క్షణాలు ఉంది. రెండే.

ఎందుకంటే వెనక కొమ్మ విరిగింది. చేతిలో బల్లెం, నెత్తిన టార్చి, సోమన్న మావ. ఏం పడిందో చూసుకోడానికి వచ్చాడు. మమ్మల్ని చూసి కొయ్యబారిపోయాడు. బల్లెం కింద పడింది.

ఆ తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు రాస్తే మా అమ్మ నన్ను చర్చికి రానివ్వదు. వెదురు గెడ ఆయన భుజం మీద రెండు ముక్కలైంది. ముక్కలు రెండూ చెరో చేత్తో వాడింది. ఆయన ముక్కు పక్కకి తిరిగింది. పళ్ళు రెండు ఇప్పపూలలో కలిసిపోయాయి. కిందపడ్డ మనిషిని జుట్టు పట్టి లేపి, కర్రి శవం దగ్గరికి ఈడ్చి, మొహం దాని బొచ్చుకి ఆనించి, “సూడు! తెల్లారితే ఇక్కడ నీ కూతురు పూలేరుతాది! సూడు!” అంది.

సోమన్న మావ చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. రక్తంతో పాటు మాటలూ కారాయి. “పోయినేడు పేడ పోసినావు కదే. ఈడియో తీసినారు. నా కూతురు బడికి పోతే పేడ సోమన్న కూతురని పిలిసినారు. అడివిలో ఏటుంది? అప్పుడూ మూడ్రోజులు తిరిగినా కుందేలు నేదు. ఒక్క పంది... ఒక్కటి పడితే సాలనుకున్నాను.”

అక్క చెయ్యి గాల్లో ఆగింది. నావైపు చూసింది. నేను నా కాళ్ళవైపు చూసుకున్నాను. పేడ ఆమెది, వీడియో నాది.

ఈలోగా డప్పులు ఆగాయి. వేట ముగించుకొస్తున్న మగాళ్ళంతా పొదలు తొక్కుకుంటూ వచ్చిపడ్డారు. పండగ కదా, ప్రతి చేతిలోనూ ఏదో ఒక ఆయుధం. ముందు బుధు ఉన్నాడు, గాసి తాత తమ్ముడి కొడుకు, అక్కని అప్పా అంటాడు. పెదనాన్న చెయ్యి చూశాడు, తీగ చూశాడు, సోమన్న మావని చూశాడు. గొడ్డలి ఎత్తాడు.

అక్క మధ్యలోకి వచ్చింది. గొడ్డలి కింద నిలబడింది, ఒంటినిండా ఆ మనిషి రక్తంతోనే.

“దించు బుధూ.”

“తప్పుకో అప్పా. ఈడ్ని ఇక్కడే నరికి ఏట్లో పారేత్తాను.”

“మా అయ్య నా అయ్య. కొట్టేది నాను. కొట్టీసినాను. అయిపోనాది. నీకు మిగల్నేదు.”

“అప్పా!”

“గొడ్డలి దించకపోతే నీ మొలతాడుతోనే నిన్ను ఈ సెట్టుకి కట్టీసి పేడ పోత్తాను. పోనీ వొద్దు. పేడ వొద్దింక. ఎవులికీ వొద్దు.” మిగతావాళ్ళవైపు తిరిగింది. “బేగి డోలీ కట్టండి. ముందు కర్ర సోమన్న మావ బుజం మీద పెట్టండి.”

రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు. డోలీ ముందు కర్ర సోమన్న మావ మోశాడు. విరిగిన ముక్కుతో, వాచిన కంటితో, ఎవరు మార్చుకుంటానన్నా భుజం మార్చలేదు. వెనక కర్ర బుధు. మధ్యలో దుప్పట్లో గాసి తాత మూలుగుతూ, “మెల్లగ సోమా, పక్కటెముక ఇరగ్గొట్టినాది గుంట,” అన్నాడు. ఆ ఇద్దరూ కలిసి ముప్పై ఏళ్ళు వేటాడారు.

అంబులెన్సు ఎక్కబోతూ అక్క నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది. మళ్ళీ కొడుతుందనుకున్నాను. డాబా గది తాళంచెవి నా జేబులో కుక్కింది. “తెల్లారి ఎండొచ్చినాక బిల్డు పెట్టు. అంకెలన్నీ సూడు. జీపు అందుకో.” నాకు కొత్త పాస్‌వర్డు కావాలి. అడిగాను. తల తిప్పకుండా చెప్పింది. అది నా పేరే, ముందు ఒక బూతుతో.

ఎండ రాగానే బిల్డు పెట్టాను. నూట నలభైకి నూట నలభై సరిపోయాయి. ఎలుగు కథ పూర్తిగా విన్నాను. దూకాక ఏమైందంటే, గాసి తాత చెట్టెక్కాడట. సంతలో జీపుకి మూట అందించి వచ్చేసరికి లైను మనుషులు తీగ చుట్ట చుట్టి పట్టుకుపోతున్నారు. పోలీసులు వచ్చి సోమన్న మావ మీద కేసు రాశారు. రెండు వారాలు లోపలుండి వచ్చాడు. వచ్చిన మర్నాడు కుక్కపిల్లనొకదాన్ని తెచ్చి గాసి తాత అరుగు మీద వదిలి వెళ్ళిపోయాడు. తాత దానికి పేరు పెట్టలేదింకా, ‘సోమన్న కుక్క’ అనే పిలుస్తున్నాడు.

తాత ఇప్పుడు ఎడంచేత్తో చుట్ట వెలిగించుకుంటాడు. విల్లు పట్టలేడు. కణుజు అరుపు మాత్రం అరుస్తాడు.

మొన్న ఇదంతా రాసి డాబా మీదికి పట్టుకెళ్ళాను. అక్క చదివింది. మధ్యలో రెండుసార్లు నా వైపు చూసింది, రోకలి దగ్గర్లో ఉందేమోనని నేనూ చూశాను. అప్పుడే బిల్డు ఒకటి అయిపోయి, లాప్‌టాప్ “బే...” అంది. నాకు గుండె పొంగింది.

“అక్కా, నా మేకని తియ్యనేదేటి? నా గురుతుకనే కదా?”

“యాప్ మొదట్లోంచి తీసి బిల్డు ఆకర్న పెట్టినాను, ఫైళ్ళన్నీ సరిపోతేనే అది అరుత్తాదిరా. ఒక్కటి తేడా వొచ్చినా నోరిప్పదు. నీలాగ సెయ్యని పనికి నోరిప్పేది కాదది.”